ఇరవై రెండు రోజుల బుష్షు

ఆ రోజు పొద్దున్న నిదానం వేసుకున్న ప్లాను చాలా చిన్నది. తొమ్మిదింటికి అద్దాల కొట్టు దగ్గర అద్దం ఎక్కించుకోవాలి. పన్నెండు లోపల దాన్ని డ్యాన్సు స్కూల్లో దించాలి. ఒంటిగంటకి ఇంటికొచ్చి అన్నం తిని కాసేపు నడుం వాల్చాలి. ఇందులో మానవమాత్రుడికి సాధ్యం కానిది ఒక్కటీ లేదు. కాకపోతే అతనికి ఒక పికప్పు బండీ, ఆ బండితో సంబంధం ఉన్న ఇద్దరు బంధువులూ ఉన్నారు.

నిదానం అన్నది కన్నవాళ్లు పెట్టిన పేరు కాదు, రోడ్డు మీద వెనకాల వచ్చే బళ్లవాళ్లు పెట్టింది. మొదట్లో తిట్టుగా పెట్టారు, తర్వాత అదే స్థిరపడిపోయింది. అంత మెల్లగా నడిపేవాడికి కూరగాయలు ఎవరిస్తారు? దారిలోనే వాడిపోతాయి. అందుకే అతను అద్దాల కొట్టుని నమ్ముకున్నాడు. పగిలే సరుకుకి మెల్లగా పోయే మనిషి కావాలి, మెల్లగా పోయే మనిషికి పగిలే సరుకు కావాలి. ఆరేళ్లు ఇద్దరికీ బాగానే కుదిరింది.

ఇంటి ముందు బండి స్టార్టు చేసి వెనక్కి తిప్పేసరికి వెనక చక్రం దగ్గర్నించి "కిర్ర్ర్" మని ఒక మూలుగు వచ్చింది. నిదానం టక్కున ఇంజను ఆపేసి, ఏమీ జరగనట్టు మొహం పెట్టుకుని కూర్చున్నాడు.

"వచ్చేసిందా?" అంది వంటింట్లోంచి భార్య.

"ఏం రావాలి?"

"చప్పుడు."

"అది గేటు చప్పుడే."

"గేటు తీసే ఉంది. పొద్దున్న నేనే తీశాను."

ఆవిడ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి గుమ్మంలో నిలబడింది. "ఎన్ని రోజులైంది?"

"ఇరవై రెండు."

"కిందటిసారి ముప్పై. అంతకుముందు నలభై ఒకటి. ఈ లెక్కన వచ్చేసారి పెట్టెలోంచి తీస్తుండగానే అరిగిపోతుంది."

"అరగదూ మరి? ఎవరి సరుకు? మీ తమ్ముడి సరుకు!"

"మా తమ్ముడి సరుకుకేమొచ్చింది? మీ బాబాయి చెయ్యి పడితే ఇనుమైనా ఏడుస్తుంది. ఆడలేక మద్దెల ఓడని, బిగించడం చేతకాక రబ్బరు మీద పడతారేం?"

"మా బాబాయి నలభై ఏళ్లుగా మెకానిక్కు!"

"నలభై ఏళ్లుగా అదే పానా కూడాను."

ఇదీ ఆ ఇంటి అసలు గొడవ. పికప్పు వెనక భాగాన్ని మోసేవి కమాను కట్టలు. ఆ కమాను చివర, ఇనుమూ ఇనుమూ ఒరుసుకోకుండా ఒక రబ్బరు బుష్షు ఉంటుంది. చూడ్డానికి అరచేతిలో పట్టేంత ముక్క. అది పోతే మాత్రం బండి ప్రతి గతుకులోనూ ఎగిరెగిరి పడుతుంది. బండితో పాటు వచ్చిన బుష్షు ఆరేళ్లు నిక్షేపంలా పనిచేసింది. దాన్ని మార్చిన దగ్గర్నించి మొదలైంది పీడ.

బుష్షులు అమ్మేది నిదానం బామ్మర్ది. స్పేరు పార్టుల కొట్టు అతనిది. బిగించేది నిదానం బాబాయి. బుష్షు పోయిన ప్రతిసారీ అది సరుకు తప్పయితే ఆవిడ పుట్టింటి పరువు పోవాలి, పనితనం తప్పయితే ఇతని వంశం పరువు పోవాలి. పోనీ ఇంకో కొట్టుకి పోదామా అంటే బామ్మర్ది నొచ్చుకుంటాడు. ఇంకో మెకానిక్కు దగ్గరికి పోదామా అంటే బాబాయి గడప తొక్కనివ్వడు. అలా ముందు నుయ్యి, వెనక గొయ్యి, మధ్యలో కిర్రుమనే బండి.

పంతాల సంగతి ఎలా ఉన్నా, ఈసారి అన్నానికే ఎసరొచ్చింది. ఈ మూడు నెలల్లో అద్దాలాయనవి రెండు అద్దాలు నిదానం బండిలోనే చిట్లాయి. నిన్న సాయంత్రం ఆయన నిదానాన్ని పిలిచి, కుర్చీ కూడా చూపించకుండా చెప్పేశాడు.

"చూడు నిదానం. రేపటిది పదడుగుల అద్దం. డ్యాన్సు స్కూలుది. పన్నెండింటికి గోడకి పెట్టాలి. అది చీమంత గీత కూడా లేకుండా చేరిందా, రేపట్నించి ఏడాది పాటు నా కొట్టు సరుకంతా నీ బండిలోనే పోతుంది, కాగితం రాసిస్తా. అది కూడా చిట్లిందా, ఇక నీ బండి ఈ వీధి మొహం చూడకూడదు. అంతే."

ఆ మాట గుర్తొచ్చి నిదానం మొగుడూపెళ్లాల వాదన అక్కడితో ఆపి, బండి తీసుకుని బయల్దేరాడు.

అద్దం ఎక్కించారు. చెక్క చట్రంలో నిలబెట్టి, అటూ ఇటూ పాత బొంతలు కుక్కి, తాళ్లతో కట్టారు. అద్దాలాయన చుట్టూ మూడుసార్లు తిరిగి చూసుకుని, "నేనూ, మన పనివాళ్లిద్దరూ స్కూటర్ల మీద ముందెళ్లి అక్కడుంటాం. నువ్వు పాదచారిలా రా" అని చెప్పి వెళ్లిపోయాడు.

మొదటి స్పీడ్‌బ్రేకరు దగ్గరే తేలిపోయింది. "కిర్ర్ర్… టక్!" అంది వెనక చక్రం. అద్దం చలి పుట్టినట్టు ఒణికింది. నిదానం బండి పక్కకి తీసి ఆపి, కళ్లు మూసుకుని వెనకనించి గలగలమని చప్పుడు వస్తుందేమోనని చెవులు రిక్కించాడు. రాలేదు. అప్పుడు కళ్లు తెరిచాడు. ముందు ఇంకా నాలుగు కిలోమీటర్లుంది. అందులో రెండు కిలోమీటర్లు తవ్వి పూడ్చిన రోడ్డు. దాని మీద ఈ బుష్షుతో వెళ్తే డ్యాన్సు స్కూలుకి చేరేది అద్దం కాదు, అద్దాల పొడి. టైమా, తొమ్మిదిన్నర. బాబాయి షెడ్డు దారిలోనే ఉంది. గంటలో పనైపోతుంది.

ఐపోతుంది సరే, కొత్త బుష్షు ఎక్కడ కొనాలి? అప్పుడు నిదానానికి ఒక ఆలోచన వచ్చింది. అతనికి ఆలోచనలు రావడమే అరుదు, వచ్చినవి చెడగొట్టకుండా వదలవు. ఈసారి పరాయి కొట్టులో కొని బాబాయి చేత బిగిస్తే? ఈ బుష్షు నిలిచిందా, తప్పు బామ్మర్దిది. పోయిందా, తప్పు… సరే, ఆ సంగతి అప్పుడు చూసుకోవచ్చు.

బజారు అవతలి చివర ఇంకో స్పేరు పార్టుల కొట్టుంది. ఎవరైనా చూస్తారేమోనని నిదానం తలా మొహం తువ్వాలుతో చుట్టేసుకుని దిగాడు.

"ఏం నిదానం, పన్ను నొప్పా?" అన్నాడు కొట్టాయన.

నిదానం జవాబు చెప్పకుండా బుష్షుల పెట్టె కొనుక్కుని బండెక్కాడు. పెట్టె సీటు మీద పెట్టాక ఇంకో భయం పట్టుకుంది. భార్య చూస్తే? సీటు కింద బామ్మర్ది కొట్టు పేరున్న పాత సంచి ఒకటి దొరికింది. పెట్టెని దాంట్లో పడేశాడు. ఇక చూసినవాళ్లెవరైనా బామ్మర్ది సరుకే అనుకుంటారు. బాబాయి కూడా అలాగే అనుకోవాలి. పరీక్ష రాసేవాడికి ప్రశ్న ముందే తెలియకూడదు కదా. తన తెలివికి తనే మురిసిపోతూ షెడ్డులోకి పోనిచ్చాడు.

బాబాయి సంచి చూడగానే మొహం ముడుచుకున్నాడు. "మళ్లీ వాడి దగ్గరే తెచ్చావా? అది రబ్బరు కాదురా అబ్బాయ్, చప్పరించి ఊసిన గమ్ము."

"ఈసారికి బిగించు బాబాయ్. పన్నెండింటికి అద్దం దించాలి. లేకపోతే నా బతుకు బస్టాండే."

"అద్దం బండి మీదుండగానే జాకీ ఎక్కించమంటావా?"

"దించితే మళ్లీ ఎక్కించే మనుషులేరీ?"

బాబాయి గొణుక్కుంటూనే వెనక భాగాన్ని జాకీ మీద మెల్లగా లేపాడు. కుడి చక్రం గాల్లో వేలాడింది. అద్దం ఒకవైపు ఒరిగి, తాళ్ల మీద ఆగింది. బాబాయి చక్రాల చెక్క మీద వెల్లకిలా పడుకుని, పొట్టని రెండు చేతులా కాస్త సర్దుకుని, కిందికి జారిపోయాడు. కాసేపటికి పాత బుష్షు బయటికి దొర్లింది. ఇరవై రెండు రోజుల వయసుకే అది మెలితిప్పి పిండిన గుడ్డలా చీలిపోయి ఉంది. నిదానం పెట్టెలోంచి కొత్త బుష్షు తీసి కిందికి అందించి, పెట్టెని మళ్లీ సంచిలోనే పెట్టేశాడు.

ఈలోగా నిదానం చెయ్యకూడని పని ఇంకోటి చేశాడు. ఇంటికి ఫోను చేసి షెడ్డులో ఉన్నానని చెప్పాడు. బండి షెడ్డుకి వెళ్లిన ప్రతిసారీ బాబాయికి క్యారేజీ తేవడం భార్య అలవాటు. ఆయన పనితనాన్ని ఎంత తిట్టినా పెద్దవాణ్ణి పస్తు పెట్టే రకం కాదు ఆవిడ. పావుగంటలో నాలుగు గిన్నెల క్యారేజీ పట్టుకుని వచ్చేసింది. రావడం రావడమే సీటు మీద తమ్ముడి కొట్టు సంచి కనపడింది. ఆవిడ మొహం చేటంత అయింది. పొద్దున్న అన్ని మాటలన్నా, చివరికి మా తమ్ముడి దగ్గరికే వెళ్లారు పాపం, అనుకుంది. ఆ సంతోషం పట్టలేక తమ్ముడికి ఫోను కొట్టింది.

"ఒరేయ్, మీ బావ ఎంతైనా మంచోడురా. ఇవాళ కూడా నీ దగ్గరే కొన్నారు."

"బావా? ఇవాళ నా కొట్టుకి రాలేదే అక్కా!"

"మరి నీ సంచిలో కొత్త బుష్షుల పెట్టె ఉందిగా?"

"అక్కా, ఆ పెట్టె ఎవర్నీ ముట్టుకోనివ్వకు. నా సంచీలో పెట్టి ఎవడో నకిలీ సరుకు అమ్ముతున్నాడు. ఇన్నాళ్లూ నా బుష్షులు ఎందుకు పోతున్నాయో ఇప్పుడర్థమైంది. నేనొస్తున్నా!"

పది నిమిషాల్లో ఊడిపడ్డాడు. స్కూటరు స్టాండు కూడా వెయ్యలేదు, గోడకి ఆనించేశాడు. సంచిలోంచి పెట్టె లాగి, మూత తీసి, లోపల చెయ్యి పెట్టి, ఒక మడత కాగితం బయటికి తీసి జెండాలా ఊపాడు.

"చూశారా! నకిలీ! నా పెట్టెల్లో ఇలాంటి కాగితాలు ఉండనే ఉండవు. మావయ్య గారూ, మీ షెడ్డులోకి ఈ సరుకు ఎలా వచ్చింది? ఎవరు సప్లై చేస్తున్నారు మీకు?"

బండి కింద పానా చప్పుడు ఆగిపోయింది.

"ఏమన్నావ్?" అంది బండి కింద నుంచి గొంతు.

"ఎవరు సప్లై చేస్తున్నారూ అన్నాను. పెద్దవారని ఊరుకుంటే నా సంచుల్లోనే…"

"ఒరేయ్ అబ్బాయ్!" అని కింద నుంచి బాబాయి నిదానాన్ని కేకేశాడు. "వీడు నన్ను దొంగ అంటున్నాడు, వింటున్నావా? నేను నలభై ఏళ్లలో ఒక్క బోల్టు ఇంటికి పట్టుకెళ్లలేదు! ఆ మాట వెనక్కి తీసుకునేదాకా పని ముట్టను!"

"ముందు నిజం చెప్పండి, తర్వాత తీసుకుంటా!" అని బామ్మర్ది ఆవేశంగా ముందుకొచ్చి, ఎదురుగా దేన్నైనా చరవాలనిపించి, జాకీ పిడిని చరిచాడు.

జాకీ "హుస్స్" మని నిట్టూర్చింది. పికప్పు వెనక భాగం మెల్లగా, చాలా పెద్దమనిషి తరహాగా కిందికి దిగి, తన చక్రాల మీద తను కూర్చుంది. అద్దం ఒరిగిన వైపు నుంచి లేచి నిలబడి, అటు ఊగి, ఇటు ఊగి, "టిక్" మంది.

నిదానం కళ్లప్పగించి అద్దం వైపు చూశాడు. గీత లేదు. పగులు లేదు. ఆ టిక్కు చట్రం మేకుది. అప్పుడు గుర్తొచ్చింది అతనికి, బండి కింద మనిషున్నాడని.

"బాబాయ్! దెబ్బ తగిలిందా?"

"లేదు."

"అయితే బయటికి రా."

"రాను."

నిదానం వాచీ చూసుకున్నాడు. పదీ యాభై. "బాబాయ్, నీ కాళ్లకి మొక్కుతా. పన్నెండింటికి అద్దం దించకపోతే కొట్టు పోతుంది, కొట్టు పోతే కొంప పోతుంది. రా బాబాయ్."

"రాను. దొంగ అన్నవాడు తప్పు ఒప్పుకోవాలి."

"నేనెందుకు ఒప్పుకోవాలి? సంచి నాది, సరుకు నాది కాదు, షెడ్డు ఆయనది!" అన్నాడు బామ్మర్ది.

ఇక నిదానానికి వేరే దారి లేకపోయింది. గొంతు తగ్గించి, చూపు నేల మీద పెట్టి, "సరుకు నేనే తెచ్చాను. బజారు చివర కొట్టులో. సంచి సీటు కింద దొరికితే అందులో పెట్టాను. ఊరికే పరీక్షకి" అన్నాడు.

ఒక్క క్షణం అందరూ కలిసి అతని వైపు తిరిగారు. ఇన్ని నెలల్లో రెండు కుటుంబాలూ ఒక మాట మీదికి రావడం అదే మొదలు.

"పరాయి కొట్టులో కొన్నావా బావా?" అన్నాడు బామ్మర్ది.

"మా తమ్ముడి సంచిలో పెట్టి నాకే టోపీ వేశారా?" అంది భార్య.

"నాకూ చెప్పలేదురా! నా చెయ్యినే పరీక్ష పెట్టావా?" అన్నాడు కింద నుంచి బాబాయి.

నిదానం తువ్వాలు తీసి మళ్లీ మొహానికి చుట్టుకోవాలా అని ఆలోచించాడు. బామ్మర్ది మాత్రం ఓడిపోదలచుకోలేదు. "చూశావా అక్కా, పక్కోడి దగ్గర కొంటే ఇంతే. లోపల పిచ్చి కాగితాలు. నా పెట్టెల్లో ఇవి ఉండవు."

"పెట్టె మీద పేరు నువ్వమ్మే కంపెనీదేగా?" అంది భార్య. "వాళ్ల పెట్టెలో ఉన్న కాగితం నీ పెట్టెలో ఎందుకుండదు?"

బామ్మర్ది నీళ్లు నమిలాడు. "ఉంటుంది. అంటే… వస్తుంది. పెట్టె మూత సరిగా పడట్లేదని నేనే తీసేస్తుంటా. వెనకవైపు తెల్లగా ఉంటుంది కదా, చీటీలు రాసుకోవడానికి పనికొస్తుంది."

"ముందువైపు ఏముంటుంది?"

"అదెవరు చదివారక్కా?"

"ఇప్పుడు చదువు. గట్టిగా."

బామ్మర్ది కాగితం విప్పి, బళ్లో పాఠం అప్పజెప్పేవాడిలా చదివాడు. "బుష్షు అమర్చిన తర్వాత చివరి బిగింపు… బండి నేల మీద, తన బరువు చక్రాల మీద మోపి ఉండగా మాత్రమే చెయ్యవలెను. చక్రాలు గాలిలో వేలాడుచుండగా బిగించినచో, బండి దించగానే రబ్బరు మెలిపడి, స్వల్పకాలంలోనే చినిగిపోవును."

చదవడం అయ్యాక అతని మొహంలో మెల్లగా సూర్యోదయం అయింది. "మెలిపడి! అక్కా, మెలిపడి! ఆ పాత బుష్షు చూడు, మెలితిరిగే ఉంది. సరుకు మంచిదే! తప్పు బిగించిన చెయ్యిదే!"

"ఆ కాగితం పారెయ్యకపోతే ఆ చేతికి మూణ్ణెల్ల కిందటే తెలిసేదిగా?" అన్నాడు నిదానం.

తిలా పాపం తలా పిడికెడు. బామ్మర్ది మొహంలో సూర్యుడు మళ్లీ అస్తమించాడు.

"అబద్ధం!" అన్నాడు బండి కింద నుంచి బాబాయి. కానీ ఆ కేకలో మునుపటి జోరు లేదు.

భార్యకి అనుమానం వచ్చింది. "మావయ్య గారూ, నలభై ఏళ్లుగా గాల్లోనే బిగిస్తున్నారా?"

"లేదమ్మా. ఇదివరకు నేల మీదే బిగించేవాణ్ణి."

"మరి ఇప్పుడు?"

"ఈ ఏడాదిగా… గాల్లో."

"ఎందుకు?"

భార్య క్యారేజీ కింద పెట్టి, చెంగు బిగించుకుని, మోకాళ్ల మీద వంగి బండి కిందికి తొంగి చూసింది. బాబాయి వెల్లకిలా పడి ఉన్నాడు. ఆయన పొట్టకీ బండి అడుగు భాగానికీ మధ్య ఒక పోస్టుకార్డు కూడా దూరదు. ఆయన నోటి దగ్గరికి తన చెవి వచ్చేలా తల నేలకి ఆనించింది ఆవిడ.

"అమ్మాయ్," అన్నాడు బాబాయి గుసగుసగా, "నేను అలగలేదు. ఇరుక్కున్నాను."

ఆవిడకి ఒక్కసారిగా అంతా తెలిసిపోయింది. నేల మీదున్న బండి కింద పట్టక, ఆయన అన్నీ గాల్లోనే బిగించేస్తున్నాడు. గాల్లో బిగిస్తే బుష్షు చిరుగుతుంది. చిరిగితే బండి షెడ్డుకొస్తుంది. బండి షెడ్డుకొస్తే తను నాలుగు గిన్నెల క్యారేజీ తెస్తుంది. క్యారేజీతో పొట్ట ఇంకో అంగుళం ముందుకొస్తుంది. మిగతా బళ్లవాళ్లకి ఈ సంగతి ఎందుకు తెలియలేదా అనుకుంది. వాళ్లు ఒకసారి బుష్షు పోగానే ఇంకో మెకానిక్కుని చూసుకున్నారు. మళ్లీ మళ్లీ వచ్చేది చుట్టం ఒక్కడే.

"వాడికి మాత్రం చెప్పకమ్మా," అన్నాడు బాబాయి దీనంగా. "ఊరంతా చాటేస్తాడు."

"చెప్పను. కానీ మీరు నా మాట వినాలి. ఎలాగూ అక్కడే ఉన్నారు, బండీ నేల మీదే ఉంది. ఆ రెండు నట్లూ వదులు చేసి మళ్లీ బిగించండి."

బాబాయి గొంతు పెంచి అందరికీ వినపడేలా అన్నాడు. "సరే! బిగిస్తా! ఆ కాగితం పచ్చి అబద్ధమని రుజువు చెయ్యడానికే బిగిస్తున్నా, గుర్తు పెట్టుకోండి!"

పానా చప్పుడు మొదలైంది. ఒక నట్టు. రెండో నట్టు. ఆగిపోయింది. టైము పదకొండూ ఇరవై.

"ఇక రా బాబాయ్," అన్నాడు నిదానం.

"రాను."

భార్య లేచి నిలబడి ఇద్దరి వైపూ తిరిగింది. "మీ ఇద్దరూ పెద్దాయన్ని ఇన్ని మాటలన్నారు, ఒట్టి నోటితో పిలిస్తే వస్తారా? చెరో కాలూ పట్టుకుని బతిమాలండి."

"కాళ్లు పట్టుకోవాలా?" అన్నాడు బామ్మర్ది.

"అవును. నేను జాకీ కొడతా, మీరు బతిమాలండి. గట్టిగా బతిమాలండి. మీ వైపుకి లాగుతూ బతిమాలండి."

ఆవిడ జాకీ పిడి పట్టుకుని గబగబా కొట్టింది. అది అంగుళం లేస్తే అరంగుళం దిగుతోంది. "మావయ్య గారూ, క్షమించండి!" అని బామ్మర్ది ఎడమకాలు లాగాడు. "బాబాయ్, తప్పైపోయింది!" అని నిదానం కుడికాలు లాగాడు. మూడో క్షమాపణకి చక్రాల చెక్క కిర్రుమని కదిలింది. ఐదో క్షమాపణకి బాబాయి, చొక్కా మెడ దగ్గరికి ఎగబాకి, జుట్టంతా గ్రీజుతో, వెలుగులోకి వచ్చి పడ్డాడు. లేచి కూర్చుని, చొక్కా కిందికి లాక్కుని, అందరినీ ఒకసారి గంభీరంగా చూశాడు.

"సరే. క్షమించాను" అన్నాడు.

నలుగురూ బండెక్కారు. బాబాయి ముందు సీట్లో, అక్కాతమ్ముళ్లు వెనక అద్దాన్ని చెరోవైపు పట్టుకుని. తవ్వి పూడ్చిన రోడ్డు మొదలైంది. బండి గతుకులో దిగింది, లేచింది. కిర్రు లేదు, టక్కు లేదు. ఎప్పుడూ వినే చప్పుడు వినపడకపోయేసరికి నిదానానికి చెమటలు పట్టాయి. చక్రం గానీ ఊడిపోయిందేమోనని రెండుసార్లు ఆపి దిగి చూశాడు. ఉంది. బాబాయి కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఏమన్నా నా చెయ్యే చెయ్యి" అన్నాడు. వెనక నుంచి బామ్మర్ది, "రబ్బరు మంచిది కాబట్టి సరిపోయింది" అన్నాడు. ఇద్దరూ పరాయి కొట్టు బుష్షు గురించే మాట్లాడుతున్నారన్న సంగతి నిదానం గుర్తు చెయ్యలేదు. అతనికిప్పుడు అద్దం తప్ప ఏదీ అక్కర్లేదు.

డ్యాన్సు స్కూలు చేరేసరికి పన్నెండుకి ఐదు నిమిషాలు తక్కువ. టీచరు గుమ్మంలో నిలబడి వాచీ చూసుకుంటోంది. అద్దాలాయన పరుగున వచ్చి, బొంతలు తీసి, అద్దాన్ని కొసనించి కొసదాకా వేలితో తడుముతూ చూశాడు. కిందికి వంగి చూశాడు, పక్కనించి చూశాడు, కళ్లజోడు తీసి చూశాడు. చీమంత గీత కూడా లేదు. ఇంట్లో పొయ్యి ఏడాది పాటు వెలుగుతుందని నిదానానికి అప్పుడు నమ్మకం కుదిరింది. కళ్లలో నీళ్లు తిరిగాయి కూడా.

"ఏమో అనుకున్నా. చేర్చావ్" అన్నాడు అద్దాలాయన. టీచరు లోపల గోడ దగ్గర చోటు ఖాళీ చేయించడానికి వెళ్లింది.

నిదానం అద్దం పట్టుకోబోయాడు.

"ఆగాగు! నువ్వు ముట్టుకోకు. నీ చేతి మీద నాకింకా నమ్మకం లేదు. నేను స్వయంగా దించుతా."

కొట్టు పనివాళ్లిద్దరూ వెనక కొస పట్టుకున్నారు. అద్దాలాయన ముందు కొస పట్టుకుని, వెనక్కి నడుస్తూ, మెట్టు మెట్టుకీ కేకలు పెడుతూ ఎక్కాడు. "మెల్లగా! ఎడమకి! ఎడమకి అంటే నా ఎడమరా!" మొదటి మెట్టు. రెండో మెట్టు. మూడో మెట్టు మీద ఎండ పడి అద్దం మెరిసింది, అందులో ఆయన నిలువెత్తున కనపడ్డాడు. పాతికేళ్లుగా అద్దాలు అమ్ముతున్న మనిషి. పొద్దున్నించి స్కూటరు మీద తిరిగి తిరిగి నుదుటి మీద జుట్టు రెండు పాయలు లేచి నిలబడ్డాయి. ఆయన ఒక చేతిని వదిలి వాటిని సర్దుకున్నాడు.

ఆ చప్పుడు వీధి చివరిదాకా వినపడింది.

టీచరు లోపల్నించి పరుగెత్తుకొచ్చింది. గుమ్మం నిండా అద్దం ముక్కలు. వాటి మధ్య ఒక చెయ్యి ఇంకా తల మీదే ఉంచుకుని అద్దాలాయన.

"ఎవరు పగలగొట్టారు?" అంది టీచరు.

అద్దాలాయన పనివాళ్ల వైపు చూశాడు. వాళ్లు ఆకాశం వైపు చూశారు. ఆయన నిదానం వైపు తిరిగి, టీచరుకి కనపడకుండా పెదాలతో "ఏడాది" అన్నాడు. నిదానం ఇంకా మింగుడు పడక నిలబడే ఉన్నాడు. పక్కనుంచి భార్య చెంగు చాటున రెండు వేళ్లు చూపించింది. అద్దాలాయన ఒకసారి కళ్లు మూసుకుని, తల ఊపాడు.

నిదానం ముందుకి అడుగేశాడు. "నేనేనండీ. తప్పు నాదే."

"కళ్లు కనపడవా మీకు?" అంది టీచరు.

"వాడంతేనమ్మా, చిన్నప్పట్నించీ" అన్నాడు బాబాయి, ఎంతో ఓదార్పుగా.

"మా బావకి చేతిలో పట్టు తక్కువండీ" అన్నాడు బామ్మర్ది.

"సాయంత్రానికి ఇంకోటి తెప్పిస్తానండి, కంగారు పడకండి" అన్నాడు అద్దాలాయన, గొంతు సవరించుకుని. "వీడి బండిలోనే."

పెళ్లయిన పద్నాలుగేళ్లలో నిదానం తప్పు తనదేనని నలుగురి ముందూ మనస్ఫూర్తిగా ఒప్పుకోవడం అదే మొదటిసారి, అదీ ఇంకొకరిది.